ఆఖరి నల్లా కాడ

మా గల్లీ నల్లా మేస్త్రీ పోయిన నెల ఒక మంగళవారం తెల్లవారాక చనిపోయారు. కొన్నాళ్ళుగా ఊపిరి సరిగా ఆడటం లేదు. ఆ వార్త ఏ పత్రికలోనూ రాలేదు. నేను పనిచేసే పత్రికలోనూ రాలేదు, ఎందుకంటే నేను ఇవ్వలేదు. రెండు లైన్లలో సరిపెట్టడం ఇష్టంలేక ఇవ్వలేదు.

నాకు కబురు చెప్పింది ఆయన భార్యే. మా తలుపు దగ్గర నిలబడి, "పెద్దబాపు పోయిండు బిడ్డా" అంది. కాస్త ఆగి, "ఇయ్యాల నల్లా దినం గాదు. స్నానం పొయ్యాలె. మీ ఇంట్ల ఒక బిందె నీళ్ళుంటయా?" అని అడిగింది.

పురానాపూల్ దగ్గర మా గల్లీకి రోజు విడిచి రోజు నీళ్ళు వస్తాయి. అదీ గల్లీ చివర ఉన్న ఒక్క నల్లాకే. ఆ మంగళవారం ప్రతి ఇంట్లోనూ ముందురోజు పట్టుకున్న నీళ్ళే ఉన్నాయి. ఇంటికొక బిందె చొప్పున వచ్చి ఆయన వాకిట్లో వరసగా చేరాయి. ఇంకొకసారి అడిగించుకున్న ఇల్లు ఒక్కటి కూడా లేదు.

ఎన్నో వందల ఇళ్ళకు నల్లాలు బిగించిన మనిషికి తన ఇంట్లో నల్లా లేకపోవడానికి ఒక కారణం ఉంది. అందులో నా పాత్ర కూడా ఉంది. ఈ వ్యాసం అందుకే.

మా రెండిళ్ళ మధ్య ఒక్కటే గోడ. చుట్టరికం ఏమీ లేదు. మా నాన్న కంటే వయసులో పెద్ద కాబట్టి పెద్దబాపు అని పిలిచేవాణ్ణి, ఆమెను పెద్దమ్మ అని. గల్లీ మొత్తానికీ ఆయన మేస్త్రీ. ఈ వ్యాసంలో ఆ పిలుపులే వాడుతున్నాను. ఆయన అసలు పేరు ఒకసారి అచ్చయింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉండేది. పైపు జోడించి, సఫేదా అనే తెల్ల రంగు ముద్ద రాసిన నార చుట్టి, రెంచితో బిగించాక ఇంటివాళ్ళు నల్లా తిప్పి నీళ్ళు చూసి మురిసేవాళ్ళు. ఆయన మాత్రం సంచిలోంచి ఒక ఇత్తడి చెంబు తీసుకుని ఆ లైనులో అన్నిటికంటే చివరనున్న ఇంటికి నడిచేవారు. అక్కడ నల్లా కింద చెంబు పెట్టి, నిండేదాకా ఏక్, దో, తీన్ అని పైకి లెక్కపెట్టేవారు. పని నేర్పిన ఉస్తాద్ ఉర్దూలో లెక్కపెట్టేవాడట, అందుకని ఈయనా ఉర్దూలోనే. ఇరవైలోపు నిండితే పని అయినట్టు. దాటితే మళ్ళీ తవ్వడమే.

ఒకసారి కిరాణా టోకు వ్యాపారం చేసే సేటు ఒకాయన దీంతో విసుక్కున్నాడు. "నా ఇంట్ల నీళ్ళొచ్చినయి గదా మేస్త్రీ! వాళ్ళ లొల్లి నీకెందుకు?"

"నీ ఇంటికి పెట్టిన జాయింటు వాళ్ళ నీళ్ళు గుంజుతే ఎట్ల సేటూ? చూసొస్త. నువ్వు చాయ్ చెప్పు" అని చెంబు పట్టుకుని బయల్దేరారు. నేను అక్కడే ఉన్నాను. ఆ రోజు చెంబు ఇరవై దాటింది. సేటు చాయ్ చల్లారిపోయింది.

గల్ఫ్ దేశాలకు మన పాతబస్తీ మనుషులు వెళ్ళడం మొదలైన రోజుల్లోనే ఆయన కువైట్ వెళ్ళారు. నాలుగేళ్ళు ఉండి వచ్చారు. తర్వాత ఇరాక్‌లోని బస్రా. అక్కడ రెండేళ్ళు నిండుతుండగా పక్క దేశంతో యుద్ధం మొదలైంది. కాంట్రాక్టరు చెప్పకుండా వెళ్ళిపోతే, ఆయనా తోటి పనివాళ్ళూ పైపుల లారీ మీద పైపుల పైనే కూర్చుని ఆ ఊరు దాటారు. ట్రంకు పెట్టె అక్కడే వదిలేశారు. చెంబు మాత్రం తెచ్చుకున్నారు.

మూడోసారి వెళ్ళడానికి కిషన్‌బాగ్‌లోని ఒక ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు ఇచ్చి ఎదురుచూస్తున్న రోజులవి. మళ్ళీ కువైటే. చాంద్రాయణగుట్ట వైపు పెద్దమ్మ ఒక చిన్న ఇల్లు చూసిపెట్టుకుంది. రెండు గదులు, పెరట్లో సొంత నల్లా. ఇంకొక రెండేళ్ళు ఆయన బయట పనిచేస్తే ఆ ఇల్లు వాళ్ళది అవుతుంది. చెయ్యి చాపితే నీళ్ళు రావాలన్నది ఆమె ఒకే ఒక్క కోరిక.

అప్పుడే నేనొక వ్యాసం రాశాను. చమురున్న రెండు దేశాలు, కువైట్, ఇరాక్, జనం బతుకులో ఏది ముందుంది అన్నది విషయం. రెండు ప్రభుత్వాలూ వేసిన నున్నటి కాగితాల పుస్తకాలు సంపాదించాను. తలసరి ఆదాయం, కార్లు, బడులు, ఆసుపత్రి మంచాలు, అన్నీ రెండు నిలువు గడుల్లో పక్కపక్కన పేర్చి కువైట్ గెలిచిందని తేల్చాను. అంకెలన్నీ సరిచూసుకున్నాను. మంచి వ్యాసం రాశాననే అనుకున్నాను.

ఆదివారం పొద్దున మేస్త్రీ పత్రిక మడిచి పట్టుకుని వచ్చారు.

"ఏంది బిడ్డా, రెండు దేశాలను తరాజుల వెట్టినవ్. ఏ కాడ నిలవడి చూసినవ్?"

"పుస్తకాలు చూసి రాసిన పెద్దబాపూ. గవర్నమెంటు లెక్కలే."

"గదే అంటున్న. ట్యాంకు కాడ నిలవడి రాసినవ్."

"లెక్కలు తప్పా?"

"తప్పని నేనన్నానా? ట్యాంకు నిండే ఉంటది. ఆఖరి నల్లా కాడికి పోయినవా, గది చెప్పు."

"నేను కువైట్‌కు ఎట్ల పోత?"

"నేను పోయొచ్చిన గదా! రెండు దేశాలకు పోయొచ్చిన. గోడ అవుతలనే ఉన్న. అడిగినవా?"

అడగలేదు. విలేఖరిగా నేను చేసిన తప్పుల్లో అన్నిటికంటే పెద్దది అదే. దేశాలు దాటి పుస్తకాలు తెప్పించుకున్నాను, గోడ దాటి వెళ్ళలేదు.

ఆ సాయంత్రం వాళ్ళ గడప మీద కూర్చుని రాసుకున్నాను. ఆయన సాసర్‌లో చాయ్ పోసుకుని చెబుతూ పోయారు. కువైట్‌లో ఒక్క నది లేదు. సముద్రం నీళ్ళలో ఉప్పు తీసి ఇంటింటికీ పంపుతారు. బంగళాల వరసలో ఆఖరి ఇంట్లో చెంబు ఏడులో నిండేది. ఒకసారి ఆయన అరచెయ్యి తెగితే సర్కారు దవాఖానాలో పైసా తీసుకోకుండా కుట్లు వేశారు. "డాక్టరు నా దేశం ఏందని అడగలే. చెయ్యి సూపియ్యమన్నడు. గది గూడ రాయి, మర్చిపోకు" అన్నారు.

"మీరుండే చోట నీళ్ళు?"

"క్యాంపులనా? ట్యాంకరు. రూముకు ఎనిమిది మందిమి. ట్యాంకరు రాని దినం మొహం కడిగిన నీళ్ళు దాచి కాళ్ళు కడుగుతుంటిమి. మేమేసిన లైను మా గేటు ముంగటికెల్లే పోయేది బిడ్డా. గేటు లోపలికి ఒక్క పైపు లేదు."

బస్రా చుట్టూ ఖర్జూరం తోటలు, పక్కనే పెద్ద నది. కొత్త కాలనీలో చెంబు పన్నెండులో నిండేది. ఆ కాలనీ వెనక మట్టి ఇళ్ళు. అక్కడి ఆడవాళ్ళు రేకు డబ్బాలు నెత్తిన పెట్టుకుని కాలవ నుంచి ఉప్పదనం తగిలే నీళ్ళు మోసేవాళ్ళు. అయితే ఆ డబ్బాలు మోసే ఆడవాళ్ళే సాయంత్రమయ్యేసరికి పలకలు పట్టుకుని బడికి వెళ్ళేవాళ్ళు. పెద్దవాళ్ళంతా చదువు నేర్చుకోవాలని అక్కడ సర్కారు హుకుం. "ఒక ముసలామె, మా అమ్మ ఈడుది. నా రొట్టె చుట్టిన కాగితం గుంజుకొని అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివింది. చదివి నా దిక్కు ఎట్ల సూసిందనుకున్నవ్! పహిల్వాన్ లెక్క సూసింది."

"అంటే కువైట్‌లో చదువు లేదంటరా?"

"ఎవలన్నరు? పిల్లలకు మస్తు బడులున్నయి. నేను జూసింది చెప్తున్న, నన్ను లెక్కలు చెప్పే సర్కార్ చెయ్యకు."

నాకు ముగింపు కావాలి. "అయితే రెంటిలో ఏది ముందున్నట్టు?" అని అడిగాను.

ఆయన సాసర్ కింద పెట్టారు. "ఎవలికి? బంగళావోనికి ఒక తీరు, క్యాంపోనికి ఒక తీరు, డబ్బా మోసే ఆడామెకు ఒక తీరు. గెలిచిందెవలని రాయకు బిడ్డా. రెండు తావుల్ల నీళ్ళు యాడిదాంక వచ్చి ఆగినయో రాయి."

అలాగే రాశాను. మా న్యూస్ ఎడిటర్ కోస్తా మనిషి, పనిలో గట్టివాడు. చదివి కాగితాలు నా ముందుకు తోశాడు. "బావుందయ్యా. కానీ 'ఒక కార్మికుడు చెప్పాడు' అంటే ఎవడు నమ్ముతాడు? నువ్వు గాల్లోంచి పుట్టించావంటారు. పేరు వెయ్యి, లేకపోతే పక్కన పడెయ్యి."

ఎడిటర్ చెప్పింది సరైనదే. పక్కన పడేద్దామని నిశ్చయించుకునే ఇంటికి వచ్చాను. ఏజెంటు పత్రిక చదువుతాడు. క్యాంపు మాటలు పేరుతో అచ్చయితే మూడో ప్రయాణం ఉండదు. ఆ ప్రయాణం లేకపోతే చాంద్రాయణగుట్ట ఇల్లు లేదు. ఆ మాటే మేస్త్రీకి చెప్పాను. పెద్దమ్మ గడప లోపల చాటలో బియ్యం చెరుగుతోంది. ఆయన తల తిప్పి ఆమె వైపు చూశారు.

చాట ఆగలేదు. "నా దిక్కు సూడకు. ఇల్లు నేనడిగిన. అబద్ధమాడి తెమ్మని అడిగిన్నా?"

ఆయన నా వైపు తిరిగారు. "వెయ్యి బిడ్డా. ఇంటిపేరుతోని వెయ్యి."

గురువారం వ్యాసం వచ్చింది. శుక్రవారం ఏజెంటు స్కూటర్ మీద వచ్చాడు. చెడ్డవాడేం కాదు, భయపడ్డ మనిషి. "క్యా కరే మేస్త్రీ సాబ్! కంపెనీవాళ్ళకు తెలిస్తే నా దుకాణం బంద్. ఆ రిపోర్టర్ తప్పు రాసిండని ఒక చిట్టీ రాసియ్యి. అచ్చేయిస్త. నీ టికెట్ ఫికర్ నాకిడిసిపెట్టు."

"కూసో భాయ్. నీళ్ళు తాగు" అన్నారు మేస్త్రీ. "గా రాసిన దాంట్ల అబద్ధం ఏమున్నది?"

"అబద్ధమని కాదు. బయటికి చెప్పాలా?"

"నీ తాన రోజు పోరగాళ్ళు కాగితాలిస్తున్నరు. రూముకు ఎనిమిది మందుంటరని ముందుగాలనే చెప్పు. బకెట్ తీస్కపొమ్మని చెప్పు. తెలిసి పోతే మంచిగ బతుకుతరు. గంతే గదా నేనన్నది. చిట్టీ గిట్టీ ఏం లేదు."

ఏజెంటు పాస్‌పోర్టు మంచం మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. మేస్త్రీ దాన్ని తీసి గూట్లో పెట్టి, మీద చెంబు పెట్టారు. తర్వాత రెంచి సంచి భుజానికి తగిలించుకుని పనికి వెళ్ళిపోయారు. ఆ పాస్‌పోర్టును ఆయన మళ్ళీ తియ్యలేదు.

ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళు బతికారు. పశ్చాత్తాపం గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఒకసారి మేమిద్దరం బస్సులో చాంద్రాయణగుట్ట మీదుగా వెళ్తుంటే కిటికీలోంచి వేలు చూపించారు. "గా ఇల్లే. చూసినవా, నల్లా తప్పు దిక్కు వెట్టిర్రు. కాళ్ళ మీద తుప్పర్లు పడ్తయి." అంతే.

మరొక రోజు గుర్తుంది. పురానాపూల్ వైపు బస్తీ మొత్తానికీ నీళ్ళు అందుతున్నాయని ఒక సభ పెట్టారు. పెద్ద ఇంజినీరొకరు మాట్లాడి దండ తీస్తుండగా మేస్త్రీ చెంబుతో ముందుకు వెళ్ళారు. "సార్, బస్తీల ఆఖరి నల్లా, మా గల్లీ నల్లా దాంక ఒక్కసారి రావాలె."

"టైం లేదు."

"నీళ్ళకు సుత టైం లేదు సార్, గందుకే మా కాడికి రాలే."

జనం గొల్లున నవ్వారు. ఆ ఇంజినీరు కూడా నవ్వి వచ్చాడు. మేస్త్రీ చెంబు పెట్టి లెక్క మొదలెట్టారు. ముప్పై దాకా ఇంజినీరు నిలబడే ఉన్నాడు. అరవై దగ్గర పక్కింటి అరుగు మీద కూర్చున్నాడు. మరుసటి ఎండాకాలం కొత్త పెద్ద పైపు వచ్చింది. మా గల్లీ మలుపు దాకా. మలుపు దాకానే. మిగతా దాని కోసం మేస్త్రీ ఆ ఇంజినీరు ఆఫీసుకు వెళ్ళడం మానలేదు. చెంబు పట్టుకునే వెళ్ళేవారు. అక్కడి గుమాస్తాలు "చెంబు సార్ వచ్చిండు" అని వెక్కిరించేవాళ్ళు. ఈయన బెంచీ మీద కూర్చుని, "వచ్చిన. నీళ్ళొచ్చేదాంక వస్త" అనేవారు.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఒక్కటే. ఎవరైనా ఏ దేశం గురించైనా, ఏ ఊరి గురించైనా అంకెలు చెబితే, ఇవి ఎక్కడ నిలబడి చూసినవని అడుగుతాను. అలా అడగడం వల్ల నాకు స్నేహితులు తగ్గారు. నా వార్తల్లో తప్పులూ తగ్గాయి.

దినాలు అయిపోయాక వచ్చిన మొదటి నల్లా దినం పెద్దమ్మ చెంబు తీసుకుని బయటికి వచ్చింది. మేం పట్టిస్తామని ఎంతమంది చెప్పినా వినలేదు. నల్లా దగ్గర ఆడవాళ్ళు పక్కకు జరిగి ముందు నిలబడమన్నారు. ఆమె తల అడ్డంగా ఊపి వరసలో ఆఖరున నిలబడింది.

అందరి బిందెలూ అయ్యాయి. ఆమె వంతు వచ్చేసరికి ధార దారమంత సన్నబడింది. చెంబు కింద పెట్టి, నడుం నిటారుగా చేసి, పైకి వినపడేలా మొదలెట్టింది. ఏక్, దో, తీన్. ఆమె ఉర్దూలో లెక్కపెట్టడం నేను ఎప్పుడూ వినలేదు.

నలభై దాటాక పక్కింటామె, "ఇగ రావు పెద్దమ్మా, బంద్ జేసినట్టున్నరు" అంది.

పెద్దమ్మ అడ్డు రావద్దన్నట్టు అరచెయ్యి ఎత్తింది. చెంబు సగం కూడా కాలేదు. గల్లీలో ఒక్కొక్కరే బిందెలు దించి నిలబడ్డారు. అరవై దాటింది, డెబ్బై దాటింది. ఆమె లెక్క ఆపలేదు.