మధ్యలో పెట్టిన పేరు

నిన్న ఉదయం ఎనిమిదీ పదికి స్కూలు వ్యాను మా గేటు ముందు ఆగింది. డ్రైవరు కొత్తవాడు. మనవరాలి మెడలోని కార్డు మీద పేరు చదివాడు, నా నుదుటి బొట్టు చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. "తాతా, ఈ పాప మీ పాపేనా?" అన్నాడు. మా పాపేనన్నాను. నమ్మినట్టు లేదు. పేరు మధ్యలో సైదా అని ఉంటే మాచర్లలో కూడా ఇప్పుడు రెండోసారి చూస్తున్నారు.

నా భార్య పేరు సైదమ్మ. ఆమెకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే మా అత్తగారు కృష్ణా నది అవతలి దర్గాకు మొక్కుకుంది. ఈ పిల్ల బతికాక అక్కడ వేటను కోసి, కందూరు విందు చేసి, నలుగురికీ భోజనం పెట్టి ఆ పేరు పెట్టింది. మిరప పండించుకునే హిందువుల ఇంట్లో ఈ పేరేమిటని అప్పట్లో ఎవరూ అడగలేదు. మా వీధిలో సైదులూ అని కేకేస్తే ముగ్గురు తల తిప్పేవాళ్ళు. ఒకాయన మసీదుకు వెళ్ళేవాడు, ఇద్దరు రామాలయానికి.

నా భార్య పోయిన ఏడాదికి మనవరాలు పుట్టింది. ఆ పేరు ఇంట్లో మిగలాలన్నది నా ఒక్క కోరిక. "సైదా అని మధ్యలో పెడదాం నాన్నా" అన్నాడు మా అబ్బాయి. నాకు అక్కడే అనుమానం మొదలైంది. ముందుండే పేరు పిలవడానికి, మధ్యలోది పెద్దవాళ్ళ నోరు మూయించడానికి. నరసరావుపేట నుంచి వచ్చిన మా వియ్యపురాలు దానికీ ఒప్పుకోలేదు. "అన్నయ్యగారూ, వదినంటే నాకు గౌరవం లేక కాదు. రేపు బళ్ళో మీదేం మతమని అడిగితే పసిది ఏం చెప్పిద్ది?"

"మా నాయనమ్మ పేరని చెప్పిద్ది."

"అనడానికి చానా తేలికే లెండి" అని వంటింట్లోకి వెళ్ళింది. మిగతాది గిన్నెలు చెప్పాయి.

బారసాల ముందురోజు ఉన్నట్టుండి ఆమె సరేనంది. వాదించే మనిషి వాదన మానేస్తే నాకు నిద్ర పట్టదు. మర్నాడు మా అబ్బాయి పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో పేర్లు రాస్తుంటే పక్కనే నిలబడి చూశాను. సరిగానే రాశాడు. అప్పుడు వియ్యపురాలు, పిల్ల చెవిలో పేరు తానే చెబుతానంది. ఓహో, ఇదీ సంగతి అనుకున్నాను. బియ్యంలో రాసింది అందరం చూస్తాం, చెవిలో చెప్పింది ఎవరికి తెలుస్తుంది? ఉయ్యాల తాడు సరిచేసే నెపంతో దగ్గరకు వెళ్ళి వంగాను.

"సైదమ్మా" అంది. మా అత్తగారు పిలిచినట్టే, పూర్తిగా. మూడుసార్లూ అదే. ముందు పేరు ఊసే లేదు.

తలెత్తి నన్ను చూసింది. "ఏంది అన్నయ్యగారూ, కాపలా కాస్తున్నారా?"

నేను తాడు వదిలేశాను.

భోజనాలయ్యాక వరండాలో కూర్చుని తమలపాకులు తుడుస్తూ తనే చెప్పింది. "నా పేరు మస్తానమ్మ. మా నాయన దర్గాకు మొక్కుకుని పెట్టుకున్నాడు. ఈ పేరు మా ఇంట్లో పనికిరాదని పెళ్ళిపీటల మీదే మా అత్త వేరే పేరు పెట్టింది. మీకు తెలిసింది ఆ పేరే. మా నాయన మా అత్తోళ్ళింటికొస్తే నన్ను ఏమని పిలవాలో తెలియక అమ్మాయ్ అనేవాడు. ఎవరో ఒకరు తీసేసే పేరు ఈ పిల్లకెందుకని నేను అడ్డం పడింది."

"మరి ఒప్పుకున్నావేమ్మా?"

"మీరు వదిలేట్టు లేరుగా. నాకు అట్టా వదలని మనిషి ఒక్కరూ లేకపోయారు" అని ఆకుకు సున్నం రాసింది.

ఇంట్లో అందరూ పాపను ముందు పేరుతోనే పిలుస్తారు. నా అనుమానం అంతవరకు నిజమే. వియ్యపురాలు ఫోన్ చేస్తే మాత్రం "సైదమ్మ ఏదీ?" అంటుంది. పాప పరుగెత్తుకొచ్చి ఫోన్ లాక్కుంటుంది. మస్తానమ్మా అని ఆమెను పిలవగలిగిన వాళ్ళెవరూ మిగల్లేదు. నాది పేరు పెట్టి పిలిచే వరస కాదు.

పెళ్ళిపీటల మీద పిల్ల పేరు మార్చడం మా ఇళ్ళలో ఇప్పుడు ఎవరూ చేయడం లేదు. కార్డును రెండోసారి చూస్తున్నారు, అంతే.