వైర్లు తీసేసిన ఉదయం

నారాయణఖేడ్‌లో నేను నర్సుగా చేరిన చిన్న దవాఖానలో గుండె మానిటర్ అంటే అందరికీ మోజే. జ్వరమొచ్చినా, వాంతులైనా ఛాతీ మీద స్టిక్కర్లు అతికించి వైర్లు తగిలించేవాళ్లం. పెట్టకపోతే "ఏంది, మమ్ముల పట్టించుకోరా?" అని బంధువుల గొడవ. అవసరం తీరాక తీయడం మాత్రం ఎవరికీ గుర్తుండేది కాదు. స్టిక్కర్ కాస్త ఊడినా మానిటర్ కుయ్యోమనేది. రోజంతా విని విని మా చెవులు మొద్దుబారాయి. నిజంగా ఎవరి గుండైనా ఆగి అది అరిస్తే పరుగెత్తుతామా అని నాకే భయం వేసేది. అందుకే కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, అక్కర లేనివాళ్లకు మానిటర్లు తీసేయమన్నప్పుడు ఆమెకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

మొదట తీయాల్సింది నాగల్‌గిద్ద వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మకు. విరేచనాలతో నీరసించి, నాడి సరిగా అందని స్థితిలో వచ్చింది. సెలైన్ ఎక్కాక తేరుకుంది. గుండె భేషుగ్గా ఉంది. లేచి కాస్త నడిస్తే ఇంటికి పంపొచ్చు. కానీ ఆమె లేవదు. కదిలితే మానిటర్ అరుస్తుంది, అది అరిస్తే పక్కనే కాపలా ఉన్న కొడుకు అరుస్తాడు, "కదలకవ్వా!" అని. పాపం, కట్టెలా పడుకునేది. ఇలాగే ఉంటే కాళ్లు పట్టు తప్పి మంచానికే అంటుకుపోతుందని నా బెంగ.

ఆ ఉదయం వైర్లు తీయబోతే కొడుకు అడ్డం వచ్చాడు.

"తియ్యకు సిస్టరమ్మా! మా అవ్వ మీద ఆశ ఇడిసిండ్రా?"

"ఎవలు చెప్పిండ్రు నీకు?" అని కసిరాను.

"ఎవలో చెప్పుడెందుకు? నిన్న ఎదురు మంచమాయనకు వైర్లు తీసిండ్రు. ఇగ బట్ట కప్పి బండి ఎక్కిచ్చిండ్రు."

నా కోపం అక్కడే చప్పబడింది. ఆయన చనిపోయాకే తీశాం మరి. బతికి బాగుపడ్డవాళ్లకూ వైర్లు తీస్తారని మేమెప్పుడు చూపించాం గనక? ఈలోపు ముసలమ్మ కళ్లు తుడుచుకుంటూ, తన ముక్కుపుల్ల మనవరాలికి ఇమ్మని అప్పగింతలు మొదలుపెట్టింది.

నేను కొడుకు వేళ్లు తీసి ఆమె మణికట్టు మీద పెట్టించాను.

"కొట్టుకుంటున్నదా?"

"కొట్టుకుంటున్నది."

"ఇడువకు."

ముందు మానిటర్ ఆపేశాను. లేకపోతే తెర మీద గీత అడ్డంగా సాగడం చూసి కొడుకు ప్రాణం పోయేది. తర్వాత ఒక్కో వైరూ తీశాను. అతను ఊపిరి బిగబట్టి తన వేళ్లనే చూస్తున్నాడు.

"ఉన్నదా?"

"ఉన్నది సిస్టరమ్మా! గట్లనే ఉన్నది!"

ముసలమ్మకు నవ్వొచ్చింది. కొడుకు చెయ్యి ఊతగా లేచి, తూలుతూ వరండా దాకా నడిచింది. ఎండలో కూర్చుని, జొన్నరొట్టె తెమ్మని హుకుం వేసింది. నాకు పండగలా అనిపించింది.

ఇంటికి పంపుతున్నప్పుడు కొడుకు మళ్లీ పరేషాన్ అయ్యాడు.

"ఇంటికాడ గీ డబ్బ లేకపాయె. ఇగ ఎవలు చూస్తరు సిస్టరమ్మా?"

నేను నోరు తెరిచేలోపే ముసలమ్మ తన చెయ్యి అతని ముందుకు చాపింది.

"నువ్వు చూడు కొడుకా. వచ్చినప్పటిసంది గా డబ్బనే చూస్తివి."

అతను తల దించుకుని ఆ చెయ్యి అందుకున్నాడు. ఆటో ఎక్కేదాకా వదల్లేదు.