సామంతుడి వంశవృక్షంలో తప్పు తేదీ

కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వైటూకే పని మీద సిడ్నీ వెళ్లిన కొత్తలో, పెండిల్ హిల్‌లో ఒక తెల్ల ముసలాయన ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. రైల్వేలో చేసి రిటైరైన మనిషి. భార్య పోయింది. కూతురు ఆదివారాలు వచ్చి చూసి వెళ్లేది.

పన్నెండు వందల ఏళ్ల కిందట ఐర్లండ్‌లో ఒక చిన్న సీమను ఏలిన సామంతుడు తమ మూలపురుషుడని ఆయన చెప్పేవాడు. అన్నను చంపినవాళ్లను తరిమి గద్దె ఎక్కాడట. ముగ్గురు కొడుకుల నుంచి మూడు రాజవంశాలు పుట్టాయట. ఆ వంశవృక్షాన్ని ఆయన తండ్రి స్వయంగా రాసిపెట్టాడు. "నువ్వు కంప్యూటర్ మనిషివి కదా, ఇది ఎక్కించి పెట్టు" అని అట్టపెట్టె నా ముందు పెట్టాడు.

శనివారాలు కూర్చుని టైపు చేశాను. ఆఫీసులో రోజంతా తప్పు తేదీలు వెతికే అలవాటు కదా, ఒకచోట చెయ్యి ఆగింది. ఆయన తండ్రి, తన తండ్రి పోయిన పదకొండేళ్లకు పుట్టినట్టుంది.

"అంకుల్, ఇక్కడ డేట్ కలవడం లేదు" అన్నాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ తేదీలు చూశాడు. "మా నాన్న తప్పు రాయడు" అని కాగితాలు తీసుకుని గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం కూతురు నన్ను పెరట్లోకి పిలిచింది. "మా తాత అనాథాశ్రమంలో పెరిగాడు. కన్నవాళ్లెవరో ఆయనకే తెలీదు. ఇంటిపేరు కలిసిందని, లైబ్రరీ పుస్తకంలో దొరికిన వంశానికి తన పేరు అతికించుకున్నాడు. అమ్మ పోయేముందు నాకు చెప్పింది. డాడ్‌కి తెలియనివ్వలేదు. తేదీలు చూడమని నిన్నెవరు అడిగారు?"

నా పెళ్లిలో పురోహితుడు ప్రవర చెప్పినప్పుడు, ఆ ఋషులకూ నాకూ మధ్య లెక్క కుదురుతుందా అని ఎవరూ అడగలేదు.

తర్వాత ఒకరోజు "సారీ అంకుల్" అన్నాను. "నీ పని నువ్వు చేశావు, మేట్" అని టీవీ వైపు తిరిగాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

కొత్త సంవత్సరం వచ్చింది. కాంట్రాక్టు అయిపోయి మెల్‌బోర్న్ వెళ్లిపోయాను. ఆ ఏడు జూన్ చలిలో కూతురు ఫోన్ చేసింది. ఆయన పోయాడు.

"సమాధి దగ్గర మా అమ్మాయి పూర్వీకుల పేర్లు చదవాలని డాడ్ కోరిక. నీ దగ్గర ఫైల్ ఉందా?"

"ఎవరి దగ్గర్నించి పంపమంటారు?"

"సామంతుడి దగ్గర్నించి" అంది.

ఫైల్ తెరిచి, ఆయన తాత చనిపోయిన సంవత్సరానికి పన్నెండేళ్లు కలిపి పంపాను. ఆఫీసులో అలా చేస్తే ఉద్యోగం ఊడేది.