గ్యాలనుకు ఇరవై మూడు మైళ్ళు

ఆర్డిత్ వోల్మర్ ముప్పై ఒక్కేళ్ళు టపా మోసింది. నెబ్రాస్కా పడమటి కొసన, క్రాఫర్డ్ చుట్టుపక్కల గడ్డిబీళ్ళలో విసిరేసినట్టుండే ఇళ్ళకు, రోజుకు తొంభై ఆరు మైళ్ళ చొప్పున. మంచు పడనీ, వడగళ్ళు కురవనీ, ఆమె బండి ఆలస్యమైన రోజులను జనం వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేవారు. రిటైరైన రోజు పోస్టాఫీసులో కేకు కోస్తుంటే ఎవరో హుషారుగా లెక్కగట్టి, "ఆర్డిత్, నువ్వు భూమిని ముప్పై అయిదుసార్లు చుట్టొచ్చావు తెలుసా!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటుంటే మాత్రం ఆ మాట మనసులో కలుక్కుమంది. ముప్పై అయిదు చుట్లూ ఒక్క జిల్లాలోనే తిరిగింది మరి.

పెళ్ళి మాట ఒకటి రెండుసార్లు గుమ్మందాకా వచ్చి వెనక్కి పోయింది. దానికి ఆమె పెద్దగా దిగులుపడలేదు. ఆమెకు దిగులు పుట్టించింది రిటైరయ్యాక వచ్చిన మొదటి సోమవారం. ఉదయం పదకొండు గంటలకు ఎక్కడో ఒక ముసలాయన టపా పెట్టె దగ్గర నిలబడి రోడ్డువైపు చూస్తుంటాడు, కానీ ఆయన చూసేది తనకోసం కాదు. అరవై ఆరేళ్ళ వయసులో, తనకోసం ఎదురుచూసే మనిషి ఈ లోకంలో ఒక్కరూ లేరని ఆమెకు ఆ పూట తెలిసింది.

ఆమె ఇంటి ముందునుంచి పోయేది ఇరవయ్యో నంబరు రోడ్డు. పడమటికి పోతే అది వయోమింగ్ దాటి, ఐడహో దాటి, ఆరెగన్‌లో న్యూపోర్ట్ అనే ఊళ్ళో సముద్రం దగ్గర ఆగిపోతుంది. ఆ కొస చూడాలని ఆమె నిర్ణయించుకుంది.

బండి కొత్తదే. పెట్రోలూ బ్యాటరీ కలిసి నడిపే చిన్న పికప్. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ తనంతట తనే నిండుతుంది. ఒంటరిగా పరిగెడితే గ్యాలనుకు నలభై మైళ్ళిచ్చేది. దారి పొడవునా మోటళ్ళలో పడుకోవడం ఆమెకు గిట్టదు. అందుకని తమ్ముడు రోలండ్ దగ్గర వాడకుండా పడివున్న ట్రైలర్ కొనుక్కుంది. మంచం, పొయ్యి, చిన్న బాత్రూము, అన్నీ ఉన్న పెట్టెలాంటి ఇల్లు. ముందువైపు గోడలా నిటారుగా ఉంటుంది.

రోలండ్‌కు పెద్ద డీజిల్ పికప్ ఉంది. అక్క బండి వెనక కొక్కెం బిగిస్తుంటే చేతులు కట్టుకుని చూశాడు.

"ఆర్డీ, కుందేలుకి నాగలి కడుతున్నావే!"

"లాగగలదని పుస్తకంలో రాసుంది. బరువు కూడా తూకం వేయించాను."

"లాగదని ఎవరన్నారు? లాగుతుంది. తాగుతుంది కూడా. నా దాన్ని తీసుకుపో, మాట విను."

"నీ దాన్ని ఎక్కాలంటే నాకు నిచ్చెన కావాలి రోలీ."

"సరే, ఎక్కడైనా ఆగిపోతే ఫోన్ చెయ్యి. వచ్చి ఈడ్చుకొస్తా. నవ్వనులే."

"నవ్వుతావు."

"కొంచెం నవ్వుతా."

మే రెండోవారంలో ఆమె బయలుదేరింది. గాలి లేని ఉదయం గ్యాలనుకు పన్నెండు మైళ్ళొచ్చాయి. నలభై ఇచ్చే బండి పన్నెండుకు దిగితే మనసు చివుక్కుమంటుంది, అయినా సర్దుకుంది. డగ్లస్‌లో ట్యాంకు నింపుకుంది. కాస్పర్ చేరేసరికి ఎదురుగాలి లేచింది. అక్కడ పెట్రోలు బంకులో మలుపు ఇరుకుగా కనిపించింది. వెనకున్న ఇంటితో అందులో దూరడానికి జంకి, పెట్రోలు ముల్లు ఇంకా సగం పైనే ఉందిలే అనుకుని ముందుకు పోనిచ్చింది. ముందున్నది షొషోని. తొంభై ఎనిమిది మైళ్ళు, మధ్యలో గొర్రెలూ, సేజ్ పొదలూ తప్ప ఏమీ లేవు.

ఆ తొంభై ఎనిమిదిలో డెబ్భై మైళ్ళు నడిచాయి. గాలి ట్రైలర్ ముఖం మీద అరచేతులు ఆనించి వెనక్కి నెడుతున్నట్టే ఉంది. చిన్న చిన్న ఎత్తుల మీద కూడా ఇంజను గొంతు చించుకుంది. బ్యాటరీ ఎప్పుడో అడుగంటింది. అద్దం కింద, గ్యాలనుకు ఎన్ని మైళ్ళో చూపే అంకె పన్నెండునుంచి పదికి, పదినుంచి ఎనిమిదికి పడిపోతుంటే ఆమె దానివైపు చూడడం మానేసింది. చివరకు బండి రెండుసార్లు దగ్గి, రోడ్డు పక్కన ఆగిపోయింది.

ఫోనుకు సిగ్నల్ అందలేదు. ఆర్డిత్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ముప్పై ఒక్కేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె పెట్రోలు లేక ఆగలేదు. రోలండ్ నవ్వు ఇప్పటినుంచే చెవుల్లో వినిపిస్తోంది. వెనక్కి తిరిగితే గాలి వీపున ఉంటుంది, ఇల్లు చేరడం తేలికే. పెట్రోలు దొరకగానే తిరిగిపోదామనే అనుకుంది.

అప్పుడే ఎదురుగా ఒక పాత పికప్ వచ్చి ఆగింది. డ్రైవరు పక్క సీట్లో ఒక గొర్రె దర్జాగా కూర్చునుంది. దిగినావిడకు డెబ్భై దాటి ఉంటాయి. తలమీద పురుషుల టోపీ, చేతులకు మందపాటి తోలు తొడుగులు. ఆవిడ పేరు లవోన్ టిబ్బెట్స్. ఆ రోడ్డుకు రెండువైపులా కనిపించే గొర్రెలన్నీ ఆవిడవే.

"ఏమైందమ్మాయ్?"

"పెట్రోలు అయిపోయిందండీ."

"ఎక్కడ పోయించుకున్నావు?"

"డగ్లస్‌లో."

లవోన్ ఒక క్షణం లెక్కవేసుకుంది. "నూట ఇరవై మైళ్ళు. ఇంతోటి బండికి ఇంత దాహమా?"

"ఒంటరిగా పోతే నలభై ఇస్తుంది," అంది ఆర్డిత్, కన్నబిడ్డను ఎవరో తప్పుపట్టినట్టు. "ఈ బరువు మరీ ఎక్కువైనట్టుంది."

లవోన్ ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. తన పికప్ వెనకనుంచి తలుపు రెక్క అంత ప్లైవుడ్ చెక్క ఒకటి దించి ఆర్డిత్ చేతికిచ్చింది.

"దీన్ని గాలికి ఎదురుగా పట్టుకుని నాలుగడుగులు వెయ్యి."

ఆర్డిత్ పట్టుకుంది. రెండో అడుగుకే వెనక్కి తూలింది. మూడో అడుగుకు చెక్కతో సహా తన బండి బానెట్‌కు కొట్టుకుంది.

"ఇప్పుడు అంచు ముందుకు తిప్పి నడువు."

అంచు తిప్పగానే చెక్క అసలు చేతిలో ఉన్నట్టే లేదు. నాలుగు కాదు, పదడుగులు నడిచింది.

"చెక్క బరువేమైనా మారిందా?" అంది లవోన్. "నిన్ను తింటున్నది బరువు కాదమ్మాయ్, గాలి. ఇక్కడ నలభయ్యేళ్ళుగా దానితోనే నా కాపురం. గొడ్ల కొట్టం తలుపు ఈడ్చుకుంటూ సముద్రందాకా పోతానంటే ఏ బండి మాత్రం ఏం చేస్తుంది? ఎంత వేగంలో పోతున్నావు?"

"అరవై అయిదు."

"అదీ ఒక తప్పే. పద, ఇంట్లో పెట్రోలుంది. ఆ గొర్రెను కొంచెం పక్కకు జరుపు, కరవదు."

క్యానులో పెట్రోలు తెచ్చి పోసి, బండినీ ట్రైలర్‌నూ లవోన్ వాకిట్లోకి నడిపించుకొచ్చారు. లవోన్ ఇంటి వెనక, షెడ్డు చాటున, గుడ్డును అడ్డంగా పడుకోబెట్టినట్టున్న ఫైబర్ ట్రైలర్ ఒకటి ఉంది. యాభై ఏళ్ళ నాటిది. పొట్టిగా, నున్నగా, మూలలన్నవే లేకుండా ఉంది. లోపల కోళ్ళు కాపురముంటున్నాయి. కాఫీ తాగుతూ కిటికీలోంచి దాన్ని చూసి ఆర్డిత్ ఊరికే అడిగింది, అదెంత బరువుంటుందని.

"నీ దాంట్లో సగం. గాలికి దొరకదు. అందుకే ఇన్నేళ్ళు ఇక్కడ ఎగిరిపోకుండా ఉంది," అంది లవోన్. తర్వాత కప్పు దించి, ఆర్డిత్ పెట్టెలాంటి ట్రైలర్‌వైపు చూసింది. "నా కాపరి ఎఫ్రాయిన్ ఉన్నాడు. పెరూ దేశంనుంచి వచ్చి పదకొండేళ్ళుగా నా దగ్గరే పనిచేస్తున్నాడు. ఇప్పుడు గొర్రెలు ఈనే రోజులు, కొండ కింద గుడారంలాంటి బండిలో వంగి పడుకుంటున్నాడు. నడుం పోయింది పాపం. ఆ నీ ఇల్లు కదలకుండా ఒకచోట ఉంటే బంగారంలాంటిది. మార్చుకుందామా?"

"కోళ్ళతో సహానా?"

"కోళ్ళు ఇవ్వను."

పని తొమ్మిది రోజులు పట్టింది. పుచ్చిన నేల పలకలు మార్చారు, చక్రాలకు కొత్త బేరింగులు వేశారు, పగుళ్ళకు ఫైబర్ గుడ్డ అంటించి రెండుసార్లు రుద్దారు. లవోన్‌కు వెల్డింగు వచ్చు, ఆర్డిత్‌కు ఓపిక ఉంది. వాసన మాత్రం నాలుగుసార్లు కడిగినా పూర్తిగా పోలేదు. ఉదయాలు ఆర్డిత్ ఈనిన గొర్రెల దగ్గరికి పోయి, తల్లి వదిలేసిన పిల్లలకు సీసాతో పాలు పట్టేది. రెండోరోజునుంచే ఆ పిల్లలు ఆమె బూట్ల చప్పుడు వింటే పరిగెత్తుకొచ్చేవి. ఎఫ్రాయిన్ కొత్త ఇంట్లో మొదటి పొద్దున తలుపు తెరుచుకుని బయటికొచ్చి, రెండు చేతులూ ఆకాశంలోకి చాచాడు.

"సెన్యోరా! అమ్మగారూ! నిలబడి ప్యాంటు వేసుకున్నాను! పదకొండేళ్ళలో మొదటిసారి!"

పదోరోజు తెల్లారకముందే ఆర్డిత్ బండి కట్టింది. గాలి లేచేది తొమ్మిది తర్వాతేనని లవోన్ చెప్పింది. దారిలో ఏం చెయ్యాలో కూడా చెప్పింది: యాభై అయిదు దాటకు, టైర్లలో గాలి ఉదయమే చూసుకో, ఎత్తు ఎక్కేటప్పుడు తొందరపడకు, మధ్యాహ్నం గాలి లేస్తే ఆగిపోయి పుస్తకం చదువుకో.

"చేరాక ఉత్తరం రాయి. ఇక్కడ టపా పెట్టె ఇంటికి ఆరు మైళ్ళు. వారానికోసారి పోతాను."

"ప్రతి ఊరునుంచీ రాస్తాను. టపా సంగతి నాకు చెప్తావా?" అంది ఆర్డిత్.

ఆ సాయంత్రం కోడీ అనే ఊళ్ళో ట్యాంకు నింపి చూస్తే గ్యాలనుకు ఇరవై ఒకటి. నమ్మలేక కాగితం మీద మళ్ళీ వేసింది. ఇరవై ఒకటే. పోస్టుకార్డు కొని, వెనక ఆ అంకె ఒక్కటే రాసి లవోన్‌కు పంపింది. యెల్లోస్టోన్ కొండలు ఎక్కుతుండగా బ్యాటరీ అయిపోయి, వెనక ఏడు కార్లు బారులు తీరాయి. వెడల్పాటి చోటు చూసి పక్కకు తీసి, వాళ్ళందరినీ పోనిచ్చింది. చివరి కారాయన కిటికీలోంచి చెయ్యి ఊపాడు. అవతలి దిగుడులో బ్రేకు మీద కాలు ఆనిస్తే బ్యాటరీ గీతలు ఒక్కొక్కటే నిండుతూ వచ్చాయి. అలా చాలా దూరం ఇంజను ఊపిరి కూడా తీయలేదు. టైర్ల చప్పుడూ, కిటికీలోంచి పైన్ చెట్ల వాసనా తప్ప ఇంకేమీ లేదు. ఐడహో మైదానంలో, గాలి పక్కకు తిరిగిన రోజున, ఇరవై మూడు వచ్చింది. ఆ కార్డు మీద అంకె కింద రెండు గీతలు గీసింది.

జూన్ ఆరున న్యూపోర్ట్ చేరింది. రోడ్డు అయిపోయింది. బండి ఆపి, ఇసుకలోకి నడిచి, సముద్రం ముందు నిలబడింది. నీళ్ళు బూడిదరంగులో ఉన్నాయి, చలి వేస్తోంది. ఏడుపొస్తుందనుకుంది గానీ ఆకలేసింది. పక్కనున్న కొట్లో గుల్లల సూపు రెండు గిన్నెలు తాగింది.

తర్వాత అలవాటు కొద్దీ పోస్టాఫీసుకు పోయింది, స్టాంపుల కోసం. కౌంటరు వెనక అమ్మాయి ఆమె పేరు విని, "ఉండండి, మీకు ఒకటొచ్చింది. పేరు మీద నిలిపి ఉంచమని రాశారు," అని లోపలికి వెళ్ళింది. లక్షల ఉత్తరాలు ఆమె చేతులమీదుగా పోయాయి. దాచి ఉంచి తన చేతికిచ్చిన ఉత్తరం ఇదొక్కటే.

పెన్సిలుతో రాసిన ఒక పేజీ.

"నీ కార్డులు అందుతున్నాయి. వారానికోసారి పోయేదాన్ని రోజూ పోతున్నాను, పెట్రోలు తగలేసుకుంటూ. ఇరవై మూడు అని రాశావు. నిజమా, ఎచ్చులా? ఎఫ్రాయిన్ నమ్మాడు, నేను నమ్మలేదు. అక్టోబరులో గొర్రెపిల్లలు అమ్మేశాక నాకు పది రోజులు ఖాళీ ఉంటుంది. నేను పుట్టి బుద్ధెరిగాక పది రోజులు ఖాళీగా ఉండి ఎరగను. నా కళ్ళతో చూస్తే గానీ ఆ అంకె నమ్మను. లవోన్."

ఆర్డిత్ అక్కడే, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగానే పెద్దగా నవ్వింది.

జులైలో ఇల్లు చేరితే రోలండ్ వాకిట్లోనే కనిపించాడు. చిన్న ట్రైలర్ చుట్టూ తిరిగి, వంగి కిందకు చూసి, లోపల ముక్కు పెట్టి వాసన చూశాడు.

"కోళ్ళ కంపు."

"కొంచెం."

"ఎంతిచ్చింది?"

"అటూ ఇటూ కలిపి ఇరవై రెండు."

రోలండ్ తల గోక్కున్నాడు. తన డీజిల్ ఖాళీగా పోయినా ఇచ్చేది అంతకన్నా తక్కువేనని ఇద్దరికీ తెలుసు. "లోపల రెండో మంచం ఉందా?" అని మెల్లిగా అడిగాడు.

"అక్టోబరుకి అది ఒకరు పట్టేసుకున్నారు. వసంతంలో రా."

అక్టోబరు పన్నెండున, పొద్దున్నే, తన వాకిట్లో ఆగిన ఆర్డిత్ బండిలో లవోన్ తన టోపీతో, ఒక చిన్న సంచితో ఎక్కి కూర్చుంది. ఎఫ్రాయిన్ గేటు తెరిచి పట్టుకున్నాడు. రోడ్డు దగ్గరికి వచ్చి ఆర్డిత్ బండి ఆపింది.

"ఎటు పోదాం?"

"నువ్వు ఏమీ అనుకోలేదా?"

"నీ కోసం ఆగాను."

లవోన్ కిటికీ దించి, తొడుగు తీసి చెయ్యి బయటపెట్టింది. వేళ్ళు విడదీసి కాసేపు అలాగే ఉంచింది.

"వాయవ్యంనుంచి వస్తోంది. గట్టిగానే ఉంది," అంది. "అయితే ఆగ్నేయానికి పోదాం. వీపున పెట్టుకుంటే ఎంతిస్తుందో చూద్దాం."

"ఆగ్నేయంలో ఏముంది?"

"నాకేం తెలుసు? ఎప్పుడైనా పోయానా?"

ఆర్డిత్ ఎడమవైపు తిప్పింది. యాభై అయిదు దగ్గర వేగం నిలిపింది. అద్దం కింద అంకె ఇరవై నాలుగుకు, అక్కణ్ణుంచి ఇరవై ఆరుకు ఎక్కుతుంటే, లవోన్ కళ్ళద్దాలు పెట్టుకుని ముందుకు వంగి దాన్నే చూస్తూ కూర్చుంది.