పడుకుంది గానీ నిద్రపోలేదు

అది 2024, మిర్చి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. అద్దంకిలో మా పరుపుల షాపు ముందు నుంచి మిర్చి లారీ వెళ్లినప్పుడల్లా మేం తుమ్మేవాళ్లం, దూది ఎగిరేది. తరతరాలుగా మా ఇంట్లో అందరూ దూదేకి పరుపులు కుట్టినవాళ్లే. బడీ నేనూ ఆరో తరగతిలోనే ఒకరినొకరం వదిలేసుకున్నాం. ఇద్దరికీ హాయిగానే ఉంది.

ఊరి చివర పరుగు పందేల అకాడమీ హాస్టల్‌కి పరుపులు కుట్టేది నేనే. ఒకరోజు అక్కడి కోచ్ కోటయ్య గారు, ఫిజియో దివ్య మేడం ఓ పరుపు ఆటోలో వేయించుకుని వచ్చారు. ఫిజియో అంటే ఆటగాళ్ల కండరాల బాగోగులు చూసే ఆవిడ. వాళ్ల వెంట అనూష ఉంది. నాలుగు వందల మీటర్ల పరుగులో జాతీయ పోటీల దాకా వెళ్లిన పిల్ల. కొన్నాళ్లుగా చివరి వంద మీటర్లలో కాళ్లు రావడం లేదట. ఆదివారం గుంటూరులో సెలక్షన్. ఆమెను దింపాలా వద్దా అన్నది కోచ్ చేతిలో ఉంది.

ఆమె మణికట్టుకు ఒక బ్యాండ్ ఉంది. రాత్రి చెయ్యి ఎంత కదిలిందో, గుండె ఎలా కొట్టుకుందో చూసి పొద్దున్నే ఫోనులో స్లీప్ స్కోర్ వేస్తుంది. నిద్రకు మార్కులన్నమాట. మా మాస్టారి కంటే చెయ్యి ధారాళం.

“నిద్ర నిక్షేపంగా ఉందంటోంది బ్యాండు. మరి పరుగులో ఎందుకు చతికిలబడుతోందయ్యా సైదులూ? ఒళ్లు వంచట్లేదు, అంతే,” అన్నారు కోటయ్య గారు.

“నడుం పట్టేస్తోందంటోంది సార్. ముందు పరుపు చూడనివ్వండి,” అన్నారు మేడం.

అనూష ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూనే ఉంది.

“ఏమ్మా, కాళ్ల కింద మిరపకాయలేమన్నా పోశారా?” అన్నాను. నవ్వలేదు.

పరుపు విప్పితే దూది గడ్డలు కట్టి ఉంది. దొంగ దొరికాడనుకున్నాను. ఎండబెట్టి, మళ్లీ ఏకి, గట్టిగా కుట్టి ఇచ్చాను. “ఇక ఈ పిల్లను లేపాలంటే మీ బ్యాండు చాలదు సార్, బ్యాండు మేళం కావాలి,” అని గొప్పలు కూడా పోయాను.

రెండు రోజులాగి మైదానానికి వెళ్లాను. ఆ పొద్దున కూడా ఆమె చివర్లో ఆగిపోయిందట. స్కోరు మాత్రం ఇంకా పెరిగింది. “ఆదివారం ఈ పిల్ల వద్దు,” అంటున్నారు కోటయ్య గారు. నేను మాత్రం నా పరుపు సంగతే అడిగాను.

“ఎలా పడుకున్నావమ్మా కొత్త పరుపు మీద?”

“బాగానే పడుకున్నా బాబాయ్. నిద్రే పట్టలేదు.”

నా మీద చమత్కారమనుకుని పకపకా నవ్వాను. మేడం నవ్వలేదు.

“రోజూ ఎన్నింటికి పడుకున్నావంటే తొమ్మిదింటికి అంటావు కదా అనూషా. నిద్రపోయేది ఎప్పుడు?”

“పడుకున్నావా అనే కదండీ అడిగారు. పడుకునేదాన్నే.”

“మెలకువగా ఉండి, కదలకుండానా?”

“కదిలితే స్కోరు తగ్గుద్దని సార్ అన్నారుగా. తగ్గితే సెలక్షన్ పోద్దని బిగదీసుకుని పడుకుంటున్నానండి. ఒక్కోరోజు తెల్లారేదాకా.”

మెలకువగా ఉన్నా కదలకపోతే ఇలాంటి బ్యాండ్లు దాన్ని నిద్ర కింద వేసేసుకోవచ్చట. మేడంకి ఆ సంగతి తెలుసు. అందుకే రోజూ నోటితో కూడా అడిగేవారు. కానీ మంచం మీద వాలినా పడుకున్నామంటాం, గుర్రు పెట్టినా పడుకున్నామనే అంటాం. నిద్రకు సాయమని కట్టిన బ్యాండు ఏకై వచ్చి మేకై కూర్చుంది.

మేడం బ్యాండు విప్పించారు. “ఆదివారం దాకా దొర్లు, లే, తిరుగు. నీ ఇష్టం.”

“అది లేకపోతే నాకు నిద్ర పట్టిందో లేదో నాకెలా తెలుస్తదండీ?” అంది అనూష బెదురుగా.

కోటయ్య గారు ఆ బ్యాండు తీసి జేబులో వేసుకున్నారు. “నీ మొహం చూసి నేను చెప్తాలే. ఆదివారం దిగుతున్నావు.”

పరుపు పరువు కోసం నేనూ గుంటూరు వెళ్లాను. ఆమె గెలవలేదు. కానీ చివరి వందలో కాళ్లు వచ్చాయి, జట్టులో ఆఖరి చోటు దక్కింది. మైకులో పేరు చదివితే మనిషి లేదు. వెతికితే గ్యాలరీ మెట్ల మీద, అంత హోరులోనూ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కోటయ్య గారు ఎండ తగలకుండా తువ్వాలు అడ్డంపెట్టి నిలబడ్డారు.

నిద్రను కొలవాలంటే ముందు మనిషి మీంచి భయం దించాలని నాకు ఆ మెట్ల దగ్గర తెలిసింది.

“లేపి చెప్పండి సార్, సంతోషిస్తది,” అన్నాను.

“ఉండవయ్యా,” అన్నారాయన గొంతు తగ్గించి. “పడుకోనీ.”

ఏ పడుకోవడమో ఈసారి ఎవరూ అడగలేదు.