నేను దాటేసిన వచనాలు

మా బాపు బొగ్గుబాయిలో సర్దార్. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందుగా లోపలికి పోయి, పై బండను కర్రతో కొట్టి వినడం ఆయన పని. గట్టిగా మోగితే అక్కడ సుద్దముక్కతో తారీఖు వేసి సంతకం పెడతాడు. అది చూశాకే మిగతావాళ్లు పనిలోకి దిగుతారు. డొల్లగా మోగితే ఆ చోటుకు ఎవరినీ పోనివ్వకూడదు.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఒక శుక్రవారం ఆయన కొట్టకుండానే సంతకం పెట్టాడు. బండ పడి ఒక కాంట్రాక్టు కార్మికుడి కాలు నలిగిపోయింది. మాకు ఈ సంగతి శనివారం అన్నాల దగ్గర తెలిసింది.

"కొట్టి సూడలే. షిఫ్టు లేటైతున్నదని రాసేసిన" అన్నాడు, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి.

మా అమ్మ, అవ్వ అనే పిలుస్తాం, లేచి తలుపు వేసింది. వద్దన్న చోటుకు ఆ మనిషే పోయాడని ఆఫీసులో అప్పటికే ఒక మాట తయారై ఉంది. సోమవారం విచారణ. బాపు అవునంటే చాలు, ఉద్యోగం, క్వార్టరు, నా చదువు అన్నీ నిలుస్తాయి.

"జర సప్పుడు జేయకుండ ఉండు. నోరు తెరిస్తివా, రోడ్డు మీద పడుతం" అంది అవ్వ.

నేనూ అవ్వ పక్షమే. సిగ్గుతోనే చెబుతున్నాను, ఆ మనిషి కాలు తలచుకుని నాకు ఒక్క చుక్క కన్నీరు రాలేదు.

మర్నాడు ఆదివారం. మా చర్చిలో బైబిలు పాఠం చదివే వంతు ఇళ్లవారీగా తిరుగుతుంది, ఆ వారం మాది. గొంతు పట్టేసిందని బాపు నన్ను చదవమన్నాడు. పేజీ తీసి ముందుగా చూసుకున్నాను. యూదుల ప్రవక్త ఒకరు మండిపడే భాగం అది. బలం లేని గోడకు పైన సున్నం పూసి, ఏం భయం లేదని జనానికి చెప్పినవాళ్లను ఆ గోడతో పాటే కూలుస్తానంటాడు దేవుడు. చిన్నప్పటి నుంచీ ఈ ప్రవక్తలంటే నాకు హడలు. పాస్టరయ్య ప్రేమ గురించి చెబుతుంటే హాయిగా నిద్రపోయే నేను, వీళ్లు నోరు విప్పితే నిటారుగా కూర్చునేదాన్ని.

వెనక చాప మీద ఆ కార్మికుడి భార్య కూర్చుని ఉంది. అటు చూడకుండా చదువుతూ పోయి, గోడ దగ్గరికి రాగానే నాలుగు వచనాలు దాటేశాను. దేవుడికి భయపడి కాదు, బాపు వింటే మనసు మారుతుందని భయపడి.

"నడుమ ఇడిసిపెట్టినవ్ బిడ్డా" అన్నాడు బాపు. మగవాళ్ల వరుసలో లేచి నిలబడ్డాడు. "మొత్తం సదువు."

చదివాను. అయ్యేదాకా ఆయన కూర్చోలేదు. అయ్యాక వెనక్కి తిరిగి, అందరూ వింటుండగా ఆమెతో అన్నాడు: "మీ ఇంటాయన తప్పేం లేదమ్మా. బండ నేను కొట్టి సూడలే. రేపు గిదే రాసిస్త."

ఆమె ఏడవలేదు, దండం పెట్టలేదు.

"మీ సంతకం సూసినంకనే లోపటికి పోయిండు సార్" అంది.

సోమవారం బాపు అట్లాగే రాసిచ్చాడు. ఆ ఏడే క్వార్టరు ఖాళీ చేశాం. అవ్వ చాలా కాలం ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు, నేనూ ముభావంగానే ఉన్నాను. ఇప్పటికీ నాకు గుబులు పుట్టించేది మాత్రం ఆమె గొంతు. అందులో కోపం లేనే లేదు.