పులుపు తగలని బొప్పాయి

2022 వానాకాలం. చాంద్రాయణగుట్ట చౌరస్తాకు దగ్గర్లో, కుట్టుమిషన్ల దుకాణం పైన మా శిక్షణ కేంద్రం. పండ్లు, కూరగాయలు సీసాల్లో నిల్వ చేయడం ఆడవాళ్లకు నేర్పడం నా ఉద్యోగం. చెప్పిందే చెప్పీ చెప్పీ అప్పటికే గొంతు అరిగిపోయింది. సీసాలు మరిగించండి, మూత బిగించండి, పులుపు కోసం నిమ్మ ఉప్పు మరవకండి. అందరూ తలలూపుతారు. ఇంటికి వెళ్లాక ఎవరి ఇష్టం వాళ్లది.

బాలమణి లాల్‌దర్వాజా నుంచి వచ్చి నేర్చుకున్న మనిషి. వాళ్లది పాల వ్యాపారం. కోర్సు అయిపోయిన కొన్నాళ్లకు ఒక సీసా పట్టుకొని వచ్చింది. పెరట్లో బొప్పాయి చెట్టు విరగకాసిందని, ముక్కలు పాకంలో వేసి సీసాలు నింపానని చెప్పింది. త్వరలో సంతోషిమాత వ్రతం ఉద్యాపన ఉందట. పిల్లలను పిలిచి భోజనం పెట్టేటప్పుడు ఇవి వడ్డిస్తుందట. పాకం తేటగా ఉంది, మూత ఉబ్బలేదు. ఏడాది ఆగుతుందా అని అడిగింది. సరిగా చేస్తే ఆగుతుందని చెప్పి, నిమ్మ ఉప్పు ఎంత వేశావని అడిగాను.

"అది ఎయ్యలే మేడం. ఉద్యాపన నాడు పిల్లలకు పులుపు పెడితే వ్రతమే ఖరాబైతది."

పండిన బొప్పాయిలో పులుపు చాలా తక్కువ. గాలి లేని సీసాలో, పులుపు లేని చోట ఒక రకం సూక్ష్మజీవి పెరిగి విషం వదులుతుంది. మామూలుగా మరిగిస్తే దాని విత్తనం చావదు. ఆ విషం వల్ల వచ్చే జబ్బును బొటులిజం అంటారు. కాళ్లూ చేతులూ పడిపోతాయి, ఊపిరి ఆగుతుంది. వాసన ఉండకపోవచ్చు, రుచి మారకపోవచ్చు.

నమ్మించడానికి పీహెచ్ పేపర్ తీశాను. పులుపు ఎంతుందో రంగు మారి చూపించే కాగితం అది. పాకంలో ముంచి రంగు చూపించాను. బాలమణి దగ్గరికి వంగి చూసింది. ముఖం వెలిగింది.

"పులుపు లేదనే గదా ఇది చెప్తున్నది? గట్లయితే మంచిదే గదా మేడం."

కాగితం పక్కన పెట్టేశాను.

కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి చెప్పింది. వ్రతం పట్టింది భర్త తాగుడు మానాలని. పట్టినప్పటి నుంచి అతను ముట్టలేదు. ఉద్యాపనలో తేడా వస్తే మళ్లీ మొదలుపెడతాడేమోనని ఆమె ఫికర్. పిల్లల ప్రాణం నా ఫికర్.

"అమ్మవారు తాజా పండు వద్దన్నదా? ఆ పొద్దున కోసి పెట్టు. ఈ సీసాలు మాత్రం పిల్లల ముందుకు రావొద్దు," అన్నాను.

పడ్డ కష్టమంతా పోయిందని ఏడ్చింది. బర్రెలకైనా పెడతానంది. అవీ చస్తాయని చెప్పాను. మర్నాడు ఆటోలో సీసాలన్నీ తెచ్చింది. ఒకటి తక్కువ. మందు మానినప్పటి నుంచి భర్తకు తీపి మీద మనసు లాగుతోందట. ముందు రోజే ఒక సీసా ఖాళీ చేశాడట.

చూపు మసకబారినా, రెండుగా కనిపించినా, మాట ముద్దగా వచ్చినా, మింగుడు పడకపోయినా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాను. రోజూ పొద్దున్నే ఫోన్ చేసేదాన్ని. ఒకరోజు ఆమె అంది:

"ఇన్నేండ్లు నోరు వాసన చూసేదాన్ని మేడం. ఇప్పుడు కండ్లు చూస్తున్న."

అతనికి ఏమీ కాలేదు. మంచి సీసాలు అనవసరంగా పారబోయించానని వాళ్ల వాడలో అనుకున్నారట. మా పనిలో గెలుపంటే ఇంతే. ఏమీ జరగదు, ఎవరూ నమ్మరు. విసుగొస్తుంది. అయినా అప్పటి నుంచి ప్రతి బ్యాచ్‌లో మొదటి రోజే అడుగుతున్నాను, మీ ఇంట్లో ఏ వ్రతానికి ఏది ముట్టరు అని. నిమ్మ ఉప్పు సంగతి ఆ తర్వాతే.

ఉద్యాపన శుక్రవారం మధ్యాహ్నం బాలమణి శనగలు, బెల్లం ప్రసాదం తెచ్చింది. పిల్లలకు తాజా పండే పెట్టిందట. భర్తే ముక్కలు కోశాడట. ఆ ప్రసాదం తిన్నవాళ్లు ఆ రోజు పులుపు తినకూడదు. నా టిఫిన్ బాక్సులో నిమ్మకాయ పులిహోర ఉంది. నాకు వ్రతాల మీద నమ్మకం లేదు. ప్రసాదం తిని, నీళ్లు తాగి, బాక్సు మూత తీయకుండానే ఇంటికి తీసుకుపోయాను.